ప్లాస్టిక్ పెట్రోలు ట్యాంకుపై రంగు పొక్కులు - కారణములు, నివారణ మార్గములు

మోటారు సైకిలుకు పెట్రోలు ట్యాంకు ముఖము వంటిది. బండి ఎంత పాతదైనను ట్యాంకుపై రంగు నిగనిగలాడుచున్నచో చూచువారు దానిని మెచ్చుకొందురు. ఆ ముఖముపై పొక్కులు లేచినచో యజమాని మనస్సు చివుక్కుమనును. అతడు తిన్నగా పెయింటరు వద్దకు పోయి "నాసిరకపు రంగు వేసితివి" అని నిలదీయును. పెయింటరు "రంగు మంచిదే, మీరే పెట్రోలు ఒలికించియుందురు" అని బదులు చెప్పును. మాట పెరుగును, కూలి డబ్బు నిలిచిపోవును, చిరకాలపు స్నేహము చెడును. ఉక్కు ట్యాంకు విషయములో వీరిలో ఎవరో ఒకరి మాట నిజము కావచ్చును. కాని ట్యాంకు ప్లాస్టిక్‌తో చేసినదైనచో చాల పర్యాయములు ఇద్దరును నిర్దోషులే. దోషమంతయు ట్యాంకు గోడ గుండా చప్పుడు లేకుండ బయటికి వచ్చు పెట్రోలు ఆవిరిది. ఈ ఆవిరి ఎట్లు వచ్చుచున్నదో, దానిని ఎంతవరకు అరికట్టవచ్చునో ఈ వ్యాసములో వివరింప ప్రయత్నింతుము.

ప్లాస్టిక్ ట్యాంకు పుట్టుక

మన దేశపు రోడ్లపై తిరుగు మోటారు సైకిళ్ళలో అత్యధిక భాగమునకు ఉక్కు రేకు ట్యాంకులే కలవు. వాటి ప్రక్కల కనబడు ప్లాస్టిక్ భాగములు తొడుగులు మాత్రమే. వాటిలో పెట్రోలు ఉండదు. నిజమైన ప్లాస్టిక్ ట్యాంకులు ముఖ్యముగా కొండదారులలో, ఇసుకలో, బురదలో పరుగెత్తు బండ్లకును, కొన్ని విదేశీ బండ్లకును అమర్చబడియుండును. ఇందుకు కారణములు స్పష్టమే. ప్లాస్టిక్ త్రుప్పు పట్టదు. బండి పడినప్పుడు రేకు వలె సొట్ట పడదు. బరువు తక్కువ. చట్రము సందులలో ఇమిడిపోవునట్లు ఎంత వంకర ఆకారముననైనను పోతపోయవచ్చును.

ఈ ట్యాంకులలో ఎక్కువగా వాడు పదార్థము పాలిథిలీను. 1933లో ఇంగ్లండులోని ఐ.సి.ఐ. సంస్థ పరిశోధకులు ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ అనువారు మిక్కిలి హెచ్చు పీడనము వద్ద ప్రయోగము చేయుచుండగా మైనము వంటి ఈ తెల్లని పదార్థము అనుకోకుండ లభించినది. 1953లో జర్మనీకి చెందిన కార్ల్ జీగ్లర్ తక్కువ పీడనముననే మరింత గట్టిదైన పాలిథిలీనును తయారుచేయు పద్ధతిని కనుగొనెను. ఆ కృషికిగాను 1963లో ఆయనకును, ఇటలీకి చెందిన జూలియో నట్టాకును రసాయన శాస్త్రములో నోబెల్ బహుమతి లభించినది. జీగ్లర్ మార్గమున వచ్చిన గట్టి పాలిథిలీనే నేటి నీళ్ళ డ్రమ్ములకు, నూనె డబ్బాలకు, పెట్రోలు ట్యాంకులకు మూలము. కొన్ని బండ్ల ట్యాంకులు నైలానుతో కూడ చేయబడినవి. ఈ రెండింటి స్వభావములు వేరు; ఆ భేదమును ముందు చూతము.

రంధ్రము లేని గోడలో దారి

మట్టికుండ చెమర్చి నీటిని చల్లబరచునని మనకందరకు తెలియును. కుండ గోడలో కంటికి కనబడని సన్నని రంధ్రములు కలవు. వాటి గుండా నీరు ఊరును. ప్లాస్టిక్ ట్యాంకు గోడలో అట్టి రంధ్రములు లేవు. అయినను ఆవిరి వచ్చుచున్నది. ఇది ఎట్లు సాధ్యము?

ఇంగువను పలుచని పాలిథిన్ సంచిలో మూటగట్టి అలమరలో పెట్టినచో మరునాటికి అలమరయంతయు ఇంగువ వాసన వచ్చును. సంచికి చిల్లి లేదు. చార్మినారు ప్రాంతపు అత్తరు వర్తకులు తమ సరకును గాజు బుడ్లలో దాచుటలోని ఔచిత్యము కూడ ఇదియే. గాజు గోడను పరిమళము దాటలేదు. పాలిథిన్ గోడను దాటగలదు.

ఇందలి మర్మమును స్కాట్లండు రసాయన శాస్త్రజ్ఞుడు థామస్ గ్రాహం 1866లో రబ్బరు పొరలపై ప్రయోగములు చేసి వివరించెను. వాయువు మొదట పొర యొక్క ఒక ముఖమున కరగును. పిదప పొర లోపల అణువుల సందులలో మెల్లగా ప్రాకును. తుదకు రెండవ ముఖమున ఆవిరియై వెడలును. చక్కెర నీటిలో కరగినట్లే పెట్రోలు పాలిథిలీనులో కొద్దికొద్దిగా కరగును. ఏలననగా రెండును కర్బనము, ఉదజనములతో కూడిన ఒకే కుటుంబపు పదార్థములు. ముడి చమురు నుండియే రెండును వచ్చినవి. బంధువు ఇంటికి బంధువు వచ్చినట్లు పెట్రోలు పాలిథిలీను లోనికి తేలికగా ప్రవేశించును.

ఈ ప్రాకుట ఎంత వేగముగా జరుగునో తెలుపు సూత్రమును జర్మనీ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ ఫిక్ 1855లో ప్రకటించెను. దాని సారాంశమిది: లోపల, బయట గల గాఢతలలో భేదము హెచ్చిన కొలది ప్రవాహము హెచ్చును, గోడ మందము హెచ్చిన కొలది ప్రవాహము తగ్గును. గోడ రెండింతలు మందమైనచో ఆవిరి సగమగును. కాని పూర్తిగా ఆగదు. ఉష్ణోగ్రత ప్రభావము ఇంకను బలమైనది. పది డిగ్రీల సెల్సియస్ పెరిగినప్పుడు ఈ ప్రవాహము దాదాపు రెండింతలగునని స్థూలముగా లెక్కింతురు. అనగా 30 డిగ్రీల నీడలో నున్న ట్యాంకు వేసవి ఎండలో 50 డిగ్రీలకు వేడెక్కినచో ఆవిరి సుమారు నాలుగింతలగును. మన ప్రాంతపు వైశాఖ జ్యేష్ఠ మాసముల ఎండలో ఇది విశేషమేమియు కాదు.

పొక్కు లేచు విధము

రంగు వేయని ప్లాస్టిక్ ట్యాంకు నుండి వెడలు ఆవిరి గాలిలో కలిసిపోవును, కంటికేమియు కనబడదు. రంగు వేసిన పిదప పరిస్థితి మారును. ఒక తొట్టిని ఊహింపుడు. పై నుండి ఒక గొట్టము ద్వారా నీరు వచ్చుచున్నది, క్రింద మరియొక గొట్టము ద్వారా పోవుచున్నది. పోవు నీరు వచ్చు నీటికి సమానమైనచో తొట్టి నిండదు. పోవు దారి ఇరుకైనచో తొట్టి నిండి పొర్లును. ఇచ్చట వచ్చు దారి ట్యాంకు గోడ. పోవు దారి రంగు పొర. ప్రైమరు, రంగు, క్లియర్ కోటు అని మూడు నాలుగు పూతలు దట్టముగా వేసినచో ఆవిరి పోవు దారి మూసుకొనిపోయి, అది రంగు అడుగున చేరును. చేరిన ఆవిరి రంగును మెత్తబరచును కూడ. ఎక్కడ రంగు యొక్క పట్టు బలహీనముగా నున్నదో అక్కడ రంగును పైకెత్తి గది చేసికొనును. అదియే పొక్కు.

ఈ ఆవిరి ఎంత ఉండునో ఒక చిన్న లెక్క చూతము. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2008 నమూనా సంవత్సరము నుండి మోటారు సైకిలు ట్యాంకు గోడల ద్వారా వెడలు ఇంధనము రోజుకు చదరపు మీటరుకు 1.5 గ్రాములను మించరాదని నియమము చేసినది. ట్యాంకు ఉపరితలము అర చదరపు మీటరు అనుకొందము. నియమమునకు లోబడిన మంచి ట్యాంకు నుండియే రోజుకు 0.75 గ్రాముల పెట్రోలు వెడలవచ్చును. ఆవిరి రూపమున అది సుమారు పావు లీటరు ఉండును. శుద్ధి చేయని సాదా పాలిథిలీను ట్యాంకు నుండి ఇంతకు అనేక రెట్లు వెడలును. ప్రతిదినము పుట్టు ఇంత ఆవిరిని పలుచని రంగు పొర నిరోధింపవలెననుట ఎంత కష్టమో పాఠకులే ఊహింపగలరు. స్టిక్కర్లు అతికించిన ట్యాంకులపై బుడగలు లేచుటకు కూడ ఇదే కారణము. అందుచేతనే పందెపు బండ్ల ట్యాంకులకు స్టిక్కర్లు తయారుచేయువారు వాటిలో సూదిమొన వంటి సన్నని రంధ్రములు వరుసగా పొడిచియుంచుదురు.

రంగు పట్టకపోవుటకు మరియొక కారణము

తామరాకుపై నీటిబొట్టు నిలువక జారిపోవును. పాలిథిలీనుపై రంగు స్థితియు దాదాపు అట్టిదే. ద్రవము ఒక ఉపరితలమును చక్కగా తడుపవలెనన్నచో ఆ ఉపరితలమునకు తగినంత ఆకర్షణ శక్తి ఉండవలెను. నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు కాగా, పాలిథిలీను ఉపరితల శక్తి సుమారు 31 మాత్రమే. కనుక రంగు దానిపై పరచుకొనుటకు ఇష్టపడదు. పరచుకొన్నను గట్టిగా పట్టుకొనదు. నైలాను ఉపరితల శక్తి ఇంతకంటె హెచ్చు. దానిపై రంగు మెరుగుగా నిలుచును.

కాబట్టి పాలిథిలీను ట్యాంకుకు రెండు కష్టములు ఒకేసారి వచ్చినవి. లోపలి నుండి ఆవిరి తోయుచున్నది. పైన రంగుకు పట్టు లేదు. ఈ రెండింటిలో దేనిని విస్మరించినను ఫలితము పొక్కులే. ఇచ్చట గమనింపదగిన సూక్ష్మమొకటి కలదు. ఆవిరి అంతటను వచ్చుచున్నను పొక్కు అంతటను లేవదు. పట్టు తప్పినచోటనే లేచును. వ్రేలి జిడ్డు, మైనపు పాలిషు, ధూళి మిగిలిన స్థలములే దానికి ద్వారములు.

నివారణ క్రమము

మొదట ట్యాంకు ఏ పదార్థముతో చేసినదో తెలిసికొనవలెను. చాల ట్యాంకుల అడుగుభాగమున పదార్థము పేరు అచ్చు వేయబడియుండును. అది కనబడనిచో, ఎన్నడును పెట్రోలు తగలని అంచు నుండి చిన్న పొట్టును గీకి నీటిలో వేయుడు. పాలిథిలీను నీటికంటె తేలిక, తేలును. నైలాను బరువు, మునుగును. నిప్పుతో కాల్చి వాసన చూచు పద్ధతి కొందరు చెప్పుదురు. పెట్రోలు ట్యాంకు దరిదాపులలో అట్టి పరీక్ష తలపెట్టరాదు.

రెండవది, రంగు వేయవలెనా వద్దా యని నిర్ణయించుట. ఇందులకు సులభమైన పరీక్ష కలదు. ట్యాంకును శుభ్రపరచి, పెట్రోలు నింపి, రంధ్రములు లేని స్టిక్కరు ముక్క నొకదానిని పైన గట్టిగా అతికించి కొన్ని దినములు మామూలుగా బండిని నడుపుడు. స్టిక్కరు క్రింద బుడగలు లేచినచో గోడ నుండి ఆవిరి బలముగా వచ్చుచున్నదని అర్థము. అట్టి ట్యాంకుకు రంగు వేయకుండుటయే తెలివి. ముద్దలోనే రంగు కలిపి పోతపోసిన ట్యాంకులు దొరకును. వాటి రంగు గోడయందే కలిసియుండును గనుక పొక్కు సమస్యయే రాదు.

మూడవది, గోడయందే అడ్డు కల్పించుట. కర్మాగారములలో ట్యాంకును ఫ్లోరిన్ వాయువునకు గురిచేయుదురు. ఉపరితలమున ఉదజని పరమాణువుల స్థానమున ఫ్లోరిన్ చేరి, పెట్రోలుకు బంధుత్వము లేని పలుచని పొర ఏర్పడును. దీనివలన ఆవిరి చాల తగ్గును. రంగు పట్టు కూడ మెరుగగును. ఇది మూలమును సరిచేయు ఉపాయము. కాని ఫ్లోరిన్ మిక్కిలి విషవాయువు. కర్మాగారము వెలుపల ఎవ్వరును ప్రయత్నింపరాదు. ఉక్కు ట్యాంకుల లోపల పోయు జిగురు పూతలను పాలిథిలీను ట్యాంకులో పోయుట వృథా. రంగు పట్టని గోడకు ఆ పూత మాత్రము ఎట్లు పట్టును? అది పెచ్చులుగా లేచి పెట్రోలు దారికి అడ్డుపడును.

నాల్గవది, వాడిన ట్యాంకును ఆరబెట్టుట. పెట్రోలును ఒంపివేసినంత మాత్రమున ట్యాంకు ఖాళీ కాదు. గోడలో కరిగిన పెట్రోలు మిగిలియుండును. మూత తీసి, సబ్బునీటితో కడిగి, గాలి వీచు నీడలో, నిప్పుకు దూరముగా ఉంచవలెను. ఎన్నాళ్ళు? ఊహతో పని లేదు. నాలుగైదు దినముల కొకసారి ఒకే తక్కెడపై ట్యాంకును తూచి వ్రాసికొనుడు. గోడలోని పెట్రోలు వెడలుచున్నంత కాలము బరువు తగ్గుచుండును. వరుసగా రెండు మూడు పర్యాయములు బరువు మారనిచో ఆరినదని తలంపవచ్చును. ఇందులకు వారములు పట్టవచ్చును. తొందరపడిన పెయింటరు పొక్కులను తానే నాటుచున్నట్లు.

ఐదవది, ఉపరితల సంస్కారము. మొదట సబ్బునీటితో జిడ్డు తీసి, పిదప 320 లేదా 400 నంబరు వాటర్ పేపరుతో మెరుపు పోవునట్లు సమముగా రుద్దవలెను. ముందు రుద్ది తరువాత కడిగినచో జిడ్డు గీతలలోనికి దిగును. కనుక ఈ వరుస తప్పరాదు. తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, వట్టి చేతితో మరల తాకరాదు. చెమటలోని ఉప్పు రంగు క్రింద చిక్కినచో వానకాలమున తేమను లాగికొని వేరొక రకపు పొక్కు లేపును. ప్లాస్టిక్ తొడుగులపైన, ఉక్కు ట్యాంకులపైన లేచు పొక్కులలో కొన్ని ఇట్టివే. పాలిథిలీను వర్గపు ప్లాస్టిక్‌ల కొరకు క్లోరిన్ కలిపిన ప్రత్యేక ప్రైమరులు కలవు. రంగునకును ప్లాస్టిక్‌నకును మధ్య అవి మధ్యవర్తులు. డబ్బాపై తెలిపిన వ్యవధిలోనే పై పూత వేయవలెను.

ఆరవది, పూతల మితము. ప్లాస్టిక్ సాగును, వంగును. రంగు కూడ దానితోపాటు సాగవలెను. కనుక సాగుడు గుణమునిచ్చు ద్రవమును కలిపిన రంగును పలుచగా వేయవలెను. లప్పము దట్టించి, పూతపై పూత వేసిన కొలది ఆవిరి దారి మూసినవారమగుదుము. గట్టి పాలిథిలీను సుమారు 130 డిగ్రీల వద్ద కరగును; అంతకు చాల ముందే మెత్తబడి ఆకారము తప్పును. కాబట్టి ఉక్కు ట్యాంకు వలె దీనిని కొలిమిలో ఎండబెట్టరాదు. రంగు సంపూర్ణముగా గట్టిపడిన పిదపనే పెట్రోలు పోయవలెను.

వాడుకలోను కొన్ని జాగ్రత్తలు కలవు. బండిని నీడలో నిలుపుట, మూతలోని గాలిదారి మూసుకొనిపోకుండ చూచుట, చాలకాలము నడుపనిచో పెట్రోలు తీసివేసి మూత వదులుగా ఉంచుట మేలు. లేచిన పొక్కును సూదితో పొడిచినచో ఆవిరి పోయి పొక్కు అణగును; కాని ఊడిన రంగు మరల అతుకుకొనదు. ఆ భాగమును గీకి మొదటి నుండి పని చేయుటయే మార్గము.

ఆల్కహాలు కలిపిన పెట్రోలు

మన దేశములో 2003 జనవరిలో తొమ్మిది రాష్ట్రములందు, అందులో నాటి ఆంధ్రప్రదేశ్‌లోను, పెట్రోలులో 5 శాతము ఇథనాలు కలుపు కార్యక్రమము ఆరంభమైనది. 2022 జూన్ నాటికి దేశవ్యాప్తముగా సగటున 10 శాతమును, 2025లో 20 శాతమును చేరినది. ఇథనాలు స్వభావము పెట్రోలుకు భిన్నము. అది పాలిథిలీనులో అంతగా కరగదు. నైలానులో మాత్రము చొచ్చుకొనిపోయి దానిని ఉబ్బించును. నీటి తేమయు నైలానును ఉబ్బించును. ట్యాంకు ఉబ్బినచో ఆకారము మారి, బిగింపు మరలు కుదరక, పైనున్న రంగు పగులును. కనుక నైలాను ట్యాంకు గలవారు రంగు పొక్కులకంటె ముందు ట్యాంకు కొలతలను గమనింపవలెను.

ప్రాణమునకు సంబంధించిన మాట

రంగు చెడినచో మరల వేయవచ్చును. ప్రాణము పోయినచో మరల రాదు. పెట్రోలు ఆవిరి గాలిలో సుమారు 1.4 నుండి 7.6 శాతము వరకు కలిసినప్పుడు నిప్పురవ్వ తగిలినచో పేలును. నిండు ట్యాంకు లోపల ఆవిరి చిక్కగా ఉండి గాలికి చోటు తక్కువ. ఖాళీ ట్యాంకులో ఈ ప్రమాదకరమైన పాలు ఏర్పడుటకు అవకాశము హెచ్చు. కనుక "ఖాళీయే కదా" అను ధీమా తగదు. పెట్రోలు ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువు. అది నేలబారుగా ప్రాకి మూలలలో నిలుచును. ట్యాంకును ఆరబెట్టు గదిలో పొయ్యి, బీడీ, వెల్డింగు, విద్యుత్ స్విచ్చుల మెరుపు ఉండరాదు. కర్మాగారములలో రంగు పట్టుటకై ప్లాస్టిక్‌ను మంటతో తాకించు పద్ధతి కలదు. అది పెట్రోలు ఎరుగని కొత్త వస్తువులకు మాత్రమే. వాడిన ట్యాంకుపై దానిని ప్రయోగించుట ఆత్మహత్యా సదృశము.

విద్యార్థి మిత్రులారా! ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను శుద్ధి చేయని పాలిథిలీను ట్యాంకుపై రంగు శాశ్వతముగా నిలుచునని ఎవ్వరును హామీ ఇవ్వజాలరు. ఈ మాటను పని ఒప్పుకొనక ముందే యజమానికి తెలుపుట పెయింటరు ధర్మము. తెలిసిన పిదప కూలి ఎగగొట్టకుండుట యజమాని ధర్మము. తరగతిలో వ్యాపనము, ద్రావణీయత, తలతన్యత అను పాఠములను మనము వేరువేరుగా చదువుదుము. ఒక చిన్న పొక్కులో ఆ మూడును కలిసియున్నవి. వీధి చివర షెడ్డులో పనిచేయు శ్రామికునికి ఈ నాలుగు మాటలు విడమరచి చెప్పగలిగినచో, అతని కూలి నిలుచును, అతని షెడ్డు అగ్నికి దూరమగును. చదువునకు అంతకంటె మంచి వినియోగము వేరొకటి లేదని మా విశ్వాసము.